పదకొండేళ్ల ఇల్లా, నాలుగు నెలల్లో చేతికొచ్చే కొత్త ఇల్లా?

ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరానికి కుదింపు ఇది. ఇంట్లో ఆమె, భర్త, నాలుగేళ్ల పాప, ఉబ్బసం ఉన్న అత్తగారు. ఎనిమిదేళ్లుగా అద్దె ఇంట్లోనే ఉంటున్నారు. చాలా ఇళ్లు చూశాక రెండు మిగిలాయి. ఒకటి ఐదంతస్తుల భవనంలో మూడో అంతస్తు ఫ్లాటు, కట్టి పదకొండేళ్లయింది. రెండోది దానికి దగ్గర్లోనే కడుతున్న కొత్త భవనంలో ఉంది. నాలుగు నెలల్లో తాళాలిస్తామంటున్నారు. పాతదాని ధర 100 అనుకుంటే కొత్తది 118. అదే లెక్కలో వాళ్ల పొదుపు 40, మిగతాది రుణం.

పాత ఫ్లాటులో వెనక పడగ్గది గోడకు, బీరువా జరిపిన చోట, నల్లటి మచ్చ కనిపించింది. ఆ గోడకు అవతల స్నానాల గది. ఆ స్నానాల గది పైకప్పు మీద గోధుమరంగు వలయం ఉంది. కుళాయిల్లో ధార సన్నగా వస్తోంది. కొత్త భవనంలో నమూనా ఫ్లాటు అద్దంలా ఉంది కానీ, వాళ్లకు వచ్చే ఫ్లాటు గోడల మీద అప్పుడే సన్నటి నెర్రెలు కనిపించాయి. "రంగు వేస్తే పోతాయి, కొత్త ఇంటికి పదేళ్లదాకా చూసుకోనక్కర్లేదు" అంటారు భర్త. మరిది కూడా అదే మాట: పాత ఇల్లు డబ్బు మింగేస్తుందని. ఆమె నాన్నగారేమో "కళ్ల ముందున్న ఇల్లు కొనుక్కోమ్మా" అంటున్నారు. పాత ఫ్లాటు యజమాని పదిహేను రోజుల్లో ఏదో ఒకటి చెప్పమన్నారు. "రెండు వారాలుగా మా ఇద్దరి మధ్య మాటలు సరిగ్గా లేవు. ఆ మరకలు తలుచుకుంటే నాకే భయం. అలాగని ఆయన మాట ఒప్పుకోబుద్ధి కావడం లేదు" అని ముగించారు.

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీవారి భయం నిజమే, మీ నాన్నగారి మాటా నిజమే. ఇద్దరూ వేర్వేరు కాలాల్లో బయటపడే లోపాల గురించి మాట్లాడుతున్నారు, అందుకే ఒకరి మాట ఒకరికి ఎక్కడం లేదు. ఇంటికి తిప్పలు రెండు విడతల్లో వస్తాయి. మొదటిది కట్టిన తొలి రెండు మూడేళ్లు: పనితనంలోని తప్పులు అప్పుడే బయటపడతాయి. రెండోది పదేళ్లు దాటాక: సామాను అరుగుదల. మధ్యలో కాస్త నెమ్మది. మీవారు రెండో విడతకు భయపడుతున్నారు. మీ నాన్నగారు మొదటి విడతను తప్పించుకోమంటున్నారు. పదకొండేళ్ల ఇల్లు మొదటిది దాటేసింది, రెండోదాని గుమ్మంలో నిలబడి ఉంది. దాని వయసు చూసి భయపడటం కంటే, అందులో ఏ భాగానికి కాలం తీరింది, ఏ భాగానికి తీరలేదని విడదీసి చూస్తే మీకు దారి కనిపిస్తుంది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. కొత్త ఇంటిని పదేళ్లు చూసుకోనక్కర్లేదన్నది సరికాదు. ఎక్కువగా చూసుకోవలసింది మొదటి రెండేళ్లే. సిమెంటు గట్టిపడటానికి దాని బరువులో దాదాపు నలభై శాతం నీరు చాలు. కానీ కాంక్రీటు సులువుగా పరుచుకోవాలని అంతకంటే ఎక్కువే కలుపుతారు. ఆ మిగులు నీరు నెలల తరబడి ఆరుతూ పోతుంది, ఆరే కొద్దీ కాంక్రీటూ ప్లాస్టరింగూ కుంచించుకుంటాయి. మీరు చూసిన సన్నటి నెర్రెలు చాలావరకు ఇవే కావచ్చు. వెంట్రుక మందాన, వలలాగా, దిక్కూ దారీ లేకుండా పాకితే అవి ప్లాస్టరింగ్ ఆరడం వల్ల వచ్చినవి. బీము కింద గోడ కలిసే చోట అడ్డంగా గీత పడితే, రెండు వేర్వేరు పదార్థాలు వేర్వేరుగా కుంచించుకోవడం వల్ల వచ్చినది. ఆ అతుకు మీద ఇనుప జాలీ పరిచి ప్లాస్టర్ చేసి ఉంటే అది పడే అవకాశం బాగా తగ్గేది. వీటితో ఇల్లు పడిపోదు. అయితే రంగుతోనూ పోవు. రంగు కింద మళ్లీ తెరుచుకుంటాయి. ప్లాస్టర్ చేశాక కనీసం నాలుగు వారాలు ఆరనివ్వకుండా రంగేస్తే ఆ రంగు పొరలుగా లేస్తుంది కూడా. తాళాలిచ్చే తేదీ తరుముకొస్తున్నప్పుడు ముందుగా కోత పడేది ఈ ఆరే సమయానికే.

భయపడాల్సిన నెర్రెలు వేరే ఉన్నాయి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకుతూ ఒక చివర వెడల్పుగా, మరో చివర సన్నగా ఉన్నవి. ఇటుకల వరస వెంట మెట్లు మెట్లుగా దిగేవి. గోడకు రెండు వైపులా ఒకే చోట కనిపించేవి. బీము మీద, పిల్లరు మీద ఉన్నవి. ఐదు మిల్లీమీటర్లు దాటినవి ఎక్కడున్నా ఇంజనీరుకు చూపించాల్సిందే. రెండో ఇల్లు చూడబోయినప్పుడు నెర్రె రెండు కొనలకూ పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ రాయండి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. మీ పదిహేను రోజుల గడువు ముగిసేముందు మళ్లీ చూడండి. కదలని నెర్రె పాత కథ, కదిలేది ఇంకా నడుస్తున్న కథ.

ఇక పాత ఫ్లాటులోని మరకలు. మిమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టినవి ఇవే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

బీరువా వెనక నల్లమచ్చకు రెండు కారణాలు ఉండొచ్చు, రెండింటి ఖర్చుకూ పోలికే లేదు. ఒకటి, గదిలోని గాలి తేమ చల్లటి గోడకు తగిలి నీరై నిలవడం. బీరువాను గోడకు ఆనించి పెడితే అక్కడ గాలి ఆడదు, బూజు పడుతుంది. దీనికి మందు: బూజు తుడిచి, ఆరబెట్టి, బీరువాకూ గోడకూ మధ్య ఓ ఐదు సెంటీమీటర్ల సందు వదలడం. రెండోది, అవతలి స్నానాల గది నుంచి నీరు గోడలోకి ఇంకడం. ఇది పని పెట్టే సంగతి. ఏదో తేల్చడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. మచ్చ మీద తుడిచి, పైపైన ఆరనిచ్చి, అడుగు చదరం అల్యూమినియం రేకు కాగితాన్ని నాలుగు అంచులా టేపు వేసి గట్టిగా అంటించండి. ఒకటి రెండు రోజుల తర్వాత చూడండి. రేకు పైన, గది వైపు, చెమ్మ పడితే తప్పు గాలిది. రేకు లోపల, గోడ వైపు, తడి ఉంటే తప్పు గోడది. యజమాని ఒప్పుకుంటేనే ఇది కుదురుతుంది. ఒప్పుకోకపోతే, అది కూడా మీకొక సమాచారమే.

మచ్చ ఎత్తు కూడా చూడండి. నేల నుంచి మోకాలి ఎత్తులోపే ఉంటే స్నానాల గది గచ్చు, గోడ కలిసే మూల నుంచి నీరు వస్తోందని అర్థం. నడుము ఎత్తులో కుళాయి వెనకగా ఉంటే గోడలోని పైపు అతుకును అనుమానించాలి. పైన, స్లాబు దగ్గర ఉంటే మీ స్నానాల గదికి సంబంధం లేదు, పై అంతస్తుదే. గోడ మీద తెల్లటి పొడి, రంగు పొక్కులు, పెచ్చులు కనిపిస్తే నీరు చాలాకాలంగా వస్తూ పోతూ ఉందని లెక్క. ఇల్లంతా పాత రంగులో ఉండి ఒక్క గోడకే కొత్త రంగు మెరుస్తుంటే ఆ గోడ దగ్గర ఇంకాసేపు నిలబడండి.

స్నానాల గది పైకప్పు మీది గోధుమరంగు వలయం పై అంతస్తువాళ్ల స్నానాల గది నుంచి వచ్చినదే అయ్యుంటుంది. తేమ కొలిచే చిన్న మీటరు పెట్టి చూస్తే అది ఆరిపోయిన మచ్చా, తడిగానే ఉందా తెలుస్తుంది. తడిగా ఉంటే అది ఎప్పుడు ఎక్కువవుతుందో కనుక్కోండి. పైవాళ్లు స్నానాలు చేశాకే తడి పెరుగుతుంటే గచ్చు లేదా మురుగు పైపు లోపం. రాత్రీ పగలూ తేడా లేకుండా తడి ఉంటే ఎప్పుడూ నీళ్లుండే సరఫరా పైపులో చిల్లు. అన్నిటికంటే ముఖ్యం, ఇది బాగుచేయాలంటే వాళ్ల ఇంట్లో గచ్చు పగలాలి, మీ ఇంట్లో కాదు. కాబట్టి మీ డబ్బుతో తీరే సమస్య కాదిది. వాళ్లు ఒప్పుకున్నారని, ఖర్చు ఎవరిదో తేలిందని కాగితం మీద లేకుండా బయానా ఇవ్వకండి. కొన్నాక ఆ మాట అడిగే బరువు మీ నెత్తిన పడుతుంది, అమ్మి వెళ్లిపోయినాయనకు దాంతో పని ఉండదు.

ఆ వలయం దగ్గరే ఇంకొకటి చూడాలి: స్లాబు ఇనుము. కాంక్రీటు లోపల క్షారం ఎక్కువగా ఉన్నంతకాలం చువ్వలకు తుప్పు పట్టదు. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్ల తరబడి లోపలికి ఇంకుతూ ఆ క్షారాన్ని తగ్గిస్తుంది. అది చువ్వను చేరితే, తేమ కూడా తోడైతే, తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుము కంటే రెండింతల నుంచి ఆరింతల దాకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే కాంక్రీటు ఉబ్బి పెచ్చులు రాలుతుంది. చువ్వల వరస వెంటే తిన్నగా నెర్రె, దాని పక్కన తుప్పురంగు చార కనిపిస్తే ఇది మొదలైనట్టే. అది కనిపించకపోయినా భవనం ఆరోగ్యం తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఇంజనీరు అప్పుడే చెక్కిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. క్షారం మిగిలి ఉన్న భాగం గులాబీ రంగుకు మారుతుంది, పోయిన భాగం మారదు. ఆ రంగు మారని పొర మందం వయసుకు వర్గమూలంగా పెరుగుతుంది, అంటే రెట్టింపు లోతుకు చేరడానికి నాలుగింతల కాలం పడుతుంది. పదకొండేళ్లలో 10 మిల్లీమీటర్లు లోపలికి వెళ్లిందనుకోండి. చువ్వను కప్పి ఉంచే కాంక్రీటు పొరను కవరు అంటారు. 20 మిల్లీమీటర్ల కవరు దాటడానికి మొత్తం నలభై నాలుగేళ్లు, అంటే ఇంకా ముప్పై మూడేళ్లు ఉన్నట్టు. ఇది అంచనాయే, తడిసి ఆరే చోట తుప్పు త్వరపడుతుంది. కానీ "పాత ఇల్లు ఎన్నాళ్లుంటుంది" అన్న ప్రశ్నకు నోటిమాట కంటే ఇది గట్టి జవాబు. ఉమ్మడి పిల్లర్ల మీద చేయాలంటే భవన సంఘం అనుమతి తీసుకోవాలి.

కుళాయిల సంగతి తేలిక. మూడో అంతస్తుకు పై ట్యాంకు నుంచి కనీసం ఏడెనిమిది మీటర్ల ఎత్తు దొరుకుతుంది, పది మీటర్లకు ఒక బార్ ఒత్తిడి, కాబట్టి ఎత్తు చాలకపోవడం కాదు. కుళాయి కొసన ఉండే జాలీ విప్పి, పది లీటర్ల బకెట్ పెట్టి సమయం చూడండి. నిమిషం లోపు నిండితే జాలీలో పేరుకున్న ఉప్పే అడ్డు. వేడినీళ్ల వైపు మాత్రమే సన్నగా వస్తే హీటరులో ఉప్పు పేరుకుంది. ఇంట్లో అన్నీ సన్నగానే వస్తే ప్రధాన పైపు చూడాలి. పొద్దున్నే మొదటి నీళ్లు ఎర్రగా వస్తే ఇనుప పైపులు లోపల తుప్పుపట్టాయి, వాటిని పూర్తిగా మార్చే ఖర్చు లెక్కలో వేసుకోండి. అన్ని కుళాయిలూ కట్టేసి గంట తర్వాత నీటి మీటరు మళ్లీ చూస్తే, అంకె కదిలితే ఎక్కడో నీరు పోతోందని తెలిసిపోతుంది.

ఇంకా పాత ఇంట్లో కరెంటు వైర్లకు మెగ్గర్ పరీక్ష (వైరు తొడుగు కరెంటును బయటికి పోనివ్వకుండా ఎంత గట్టిగా ఆపుతోందో చూసేది) చేయించండి: 500 వోల్టుల దగ్గర ఒక మెగా ఓమ్‌కు తగ్గకూడదు. బోర్డులో 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉందో లేదో చూడండి. లేకపోతే పెట్టించడం పెద్ద పని కాదు, పాప ఉన్న ఇంటికి అది తప్పనిసరి.

మీరు అడగని కాగితం ఒకటి చెబుతాను. భవన సంఘం గత మూడేళ్ల సమావేశాల తీర్మానాలు, జమాఖర్చులు అడిగి చదవండి. లిఫ్టు ఎన్నిసార్లు ఆగింది, పంపు ఎప్పుడు మార్చారు, ఎవరి స్నానాల గది ఎవరి నెత్తిన కారింది, ఎవరు నెలవారీ నిర్వహణ రుసుము కట్టడం లేదు, అన్నీ అందులో ఉంటాయి. ఏ ఇంజనీరూ చెప్పలేని సంగతులవి. నిధిలో ఎంత మిగిలి ఉందో కూడా చూడండి. పదకొండో ఏట మిద్దె వాటర్‌ప్రూఫింగ్, బయటి రంగు, పంపులు ఒకదాని వెనక ఒకటి వరసకడతాయి. నిధి ఖాళీగా ఉంటే వచ్చే రెండేళ్లలో ఆ వాటా మీ ఇంటి తలుపు తడుతుంది. దాన్ని కూడా ఇప్పుడే ధరలోంచి బేరమాడాలి.

ఇప్పుడు కొత్తదాని వైపు వద్దాం. కొత్త ఇల్లు కొంటే మీకు దొరికేది రెండు: ఇంకా అరగని సామాను, లోపం బయటపడితే బాగుచేస్తామన్న మాట. రెండోది ఎంత గట్టిదో చూడాలి. ఒప్పందంలో ఏ లోపానికి ఎన్నాళ్ల పూచీ, అది మీకు తాళాలిచ్చిన రోజు నుంచా, భవనం పూర్తయిందని కాగితం వచ్చిన రోజు నుంచా అన్నది వెతకండి. తాళాలు ఆలస్యమైతే ఈ తేడాలోనే నెలలు ఎగిరిపోతాయి. మాట ఇస్తున్నది ఈ ఒక్క భవనం కోసం పుట్టిన కంపెనీయా, అంతకుముందు కట్టినవి ఉన్నవాళ్లా అన్నది కనుక్కోండి. ఒక్క భవనం కోసం పుట్టిన కంపెనీ అమ్మకాలు అయ్యాక మూతపడితే పూచీ కాగితంగా మిగులుతుంది. ముందు కట్టినవి ఉంటే, వాటిలో నాలుగైదేళ్ల భవనం ఒకటి ఎంచుకుని వెళ్లి, పై అంతస్తువాళ్లనూ కింది అంతస్తువాళ్లనూ అడగండి. మీ కొత్త ఇల్లు ఐదేళ్ల తర్వాత ఎలా ఉండబోతోందో అక్కడ కనిపిస్తుంది. నమూనా ఫ్లాటు చూసి మాత్రం ఏమీ తేల్చుకోకండి.

కొత్తదాంట్లో కళ్లకు కనిపించనివే ఎక్కువ: కాంక్రీటుకు ఎన్ని రోజులు నీళ్లు పట్టారు, చువ్వలకు కవరు ఎంత వదిలారు, స్నానాల గది కింద ఏం పూశారు. 7 రోజులు, 28 రోజుల క్యూబు పరీక్షల (పోసిన కాంక్రీటుతో చేసిన దిమ్మెలను నొక్కి బలం కొలిచేవి) ఫలితాలు, మట్టి పరీక్ష నివేదిక, స్ట్రక్చరల్ డ్రాయింగులు, ప్లాస్టరింగుకు ముందు గోడల్లో పైపులు, వైర్లు వెళ్లిన దారుల ఫొటోలు అడగండి. సుత్తిలాంటి పరికరంతో కొట్టి "కాంక్రీటు బలంగా ఉంది" అని చూపిస్తే అంతటితో తృప్తిపడకండి. అది పైపొర గట్టిదనమే చెబుతుంది. ఫ్లాటు ఇంకా పూర్తికాలేదు కాబట్టి మీకొక అవకాశం ఉంది, చాలామంది వదులుకునేది: స్నానాల గదుల్లో టైల్స్ వేయకముందే నీళ్లు నిలబెట్టే పరీక్ష మీ కళ్ల ముందు చేయమనండి. మురుగు రంధ్రం మూసి రెండున్నర నుంచి ఐదు సెంటీమీటర్ల నీరు ఇరవై నాలుగు గంటలు నిలపాలి, కింది ఫ్లాటు పైకప్పు మీద చెమ్మ రాకూడదు. ఇది ఒప్పుకోని బిల్డరు దగ్గర నేనైతే ఆగిపోతాను.

కొలతల విషయంలోనూ జాగ్రత్త. ప్లానులో రాసిన గది కొలత తరచు ఇటుక గోడ నుంచి ఇటుక గోడకు. ప్లాస్టరింగు ఒక్కో వైపు 12 నుంచి 15 మిల్లీమీటర్లు తింటుంది. పదడుగుల గది వెడల్పులో దాదాపు అంగుళం పోతుంది, విస్తీర్ణంలో దాదాపు రెండు శాతం. ధరను ఉమ్మడి మెట్లు, వసారాలు కలిపిన అంకెతో భాగించకండి. రెండు ఫ్లాట్లలోనూ టేపు పట్టి గోడల లోపలి కొలత తీసి దాంతో భాగించండి. 118కీ 100కీ మధ్య తేడా అప్పుడు పెరుగుతుందో తగ్గుతుందో మీకే తెలుస్తుంది.

డబ్బు లెక్క ఒకసారి వేసి చూపిస్తాను. అంకెలు ఉదాహరణకే, మీవి మీరు వేసుకోండి. ధరలో 80 శాతం రుణం, ధరలో 6 శాతం పన్నులూ రిజిస్ట్రేషనూ అనుకుందాం. పాతదానికి మీ చేతి నుంచి 20, పన్నులకు 6, మరమ్మతులకు 9, మొత్తం 35. మీ 40లో 5 మిగులుతుంది. కొత్తదానికి మీ వాటా 23.6, పన్నులకు 7.1, వంటగది, అలమరాలు, దీపాలు, ఫ్యాన్లు, జాలీలకు 7, మొత్తం 37.7. మిగిలేది 2.3. పైపైన చూస్తే పాతదే నయం. అయితే మరమ్మతులు అనుకున్నదానికంటే మూడో వంతు పెరిగితే, అలా పెరగడం మామూలే, పాతదాంట్లో మిగిలేది 2. అంటే చేతిలో మిగిలే డబ్బు రెంటికీ దాదాపు సమానం. పెద్ద తేడా రుణంలో ఉంది: ఒకటి 80, ఇంకొకటి 94.4. ఆ 14.4కు వడ్డీ ఏళ్ల తరబడి కట్టాలి. ఇంకొకటి కూడా చూడండి. పాతదాని మరమ్మతు ఖర్చు మీ చేతి డబ్బు. కొత్తదాని అదనపు ధరలో ఎక్కువ భాగం బ్యాంకు డబ్బు. మీవారికి కొత్తది తేలిగ్గా అనిపించడానికి ఇదొక కారణం కావచ్చు. ఆయన తప్పేం లేదు, నెలవాయిదాలో కలిసిపోయిన ఖర్చు కంటికి ఆనదు.

అద్దె కూడా మరవకండి. కొత్తది నాలుగు నెలలు అంటే, విడుదలైన రుణానికి వడ్డీ ఒక పక్క, అద్దె ఒక పక్క. నాలుగు పది అయితే తట్టుకోగలరా అన్నది కాగితం మీద చూసుకోండి. పాతదాంట్లోనూ వెంటనే దిగలేరు, మరమ్మతులకు ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. స్నానాల గది పనికి దగ్గరిదారి లేదు. టైల్స్ తీసేయాలి. ముందు పైపులకు మామూలు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, ఒత్తిడి మీటరు ముల్లు కదలకుండా నిలబడుతుందో చూడాలి. గచ్చుకు నూటికి ఒకటి కంటే తగ్గని వాలు ఇచ్చి, మూలలు గుండ్రంగా తీసి, జాలీ పరిచి, సిమెంటు ఆధారిత వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు పూయాలి. గోడల మీదికి అడుగు ఎత్తు, స్నానం చేసే మూల ఆరడుగులు. ఆరాక నీళ్లు నిలిపి పరీక్షించి, ఆ తర్వాతే టైల్స్. "టైల్స్ పగలగొట్టనక్కర్లేదు, సందుల్లో రసాయనం నింపితే చాలు" అని ఎవరైనా అంటే అది పైనుంచి దిగే నీటికి కొంతకాలం పనిచేస్తుంది, గోడలో పైపు కారుతుంటే అసలు పనిచేయదు.

మీ అత్తగారి ఉబ్బసం రెండు వైపులా లెక్కకొస్తుంది. పాతదాంట్లో శత్రువు బూజు, నీటి దారి మూసేశాకే అది పోతుంది. కొత్తదాంట్లో శత్రువు వాసనలు. కొత్త రంగులు, ప్లైవుడ్డు, ముఖ్యంగా చెక్కపొడి బోర్డుల జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ నెలలపాటు వెలువడుతుంది, వేడీ తేమా పెరిగినకొద్దీ ఎక్కువవుతుంది. ఇంకా ఆరని గోడల తేమ దీనికి తోడు. కొత్తదే తీసుకుంటే ఆవిడ గదిలో చెక్క పని తగ్గించండి, ఉద్గారాలు తక్కువ అని ధ్రువీకరించిన బోర్డులు అడగండి, పని అయ్యాక కనీసం నాలుగు వారాలు కిటికీలు తెరిచి ఉంచి అప్పుడు దిగండి. పాతదాంట్లోనూ రంగులూ అలమరాలూ వేయిస్తే ఇదే నియమం. ఎలాగూ ఆవిడ వైద్యుణ్ణి ఒకమాట అడగండి.

మీ ముందున్న దారులు మూడు. పాతది తీసుకోవడం: పైవాళ్ల ఒప్పుకోలు కాగితం మీద, మరమ్మతుల అంచనా ధరలోంచి తగ్గింపు, తనిఖీ నివేదిక బాగుండాలన్న షరతుతో బయానా. ఇవి కుదిరితే రుణం తక్కువ, వెలుతురు, నీరు, ఇరుగుపొరుగు అన్నీ ముందే తెలిసినవి. మూల్యం ఏమిటంటే రెండు నెలలు మేస్త్రీ వెంట తిరగాలి, పదేళ్లలో ఉమ్మడి ఖర్చులు తప్పవు. పై అంతస్తువాళ్లు ఒప్పుకోకపోతే మాత్రం ఎంత తగ్గించినా వద్దు. కొత్తది తీసుకోవడం: పూచీ తేదీలు స్పష్టంగా, చివరి వాయిదా లోపాల జాబితా పూర్తయ్యేదాకా ఆపుకునే హక్కుతో, ఆలస్యానికి పరిహారం రాతపూర్వకంగా. ఇవి దొరికితే మీవారి మాటలో బలముంది. తాళాలు తీసుకునేరోజు టైల్స్ అన్నీ నాణెంతో తట్టి డొల్ల శబ్దం వచ్చినవాటిని గుర్తుపెట్టండి, గచ్చు మీద బకెట్ నీళ్లు గుమ్మరించి ఎటు పోతాయో చూడండి, కిటికీల మీద బయటినుంచి పావుగంట పైపుతో నీళ్లు కొట్టండి. పూచీ ముగిసే నెల ముందు ఇదంతా మళ్లీ ఒకసారి చేయాలి. తొలి వానలకు బయటపడ్డవి అందులో చేర్చాలి. మూడో దారి గురించి మీరు రాయలేదు: పూర్తయి ఒక వానకాలం చూసిన, ఇంకా అమ్ముడుపోని కొత్త ఫ్లాటు, లేదా మూడు నుంచి ఐదేళ్ల ఇల్లు. దొరకడానికి టైము పడుతుంది, రెండూ వదులుకోవాలి, కానీ మొదటి విడత తిప్పలు దాటి రెండో విడతకు దూరంగా ఉన్నవి అవే.

మీరు రాసినదాన్ని బట్టి నా మొగ్గు పాతదాని వైపు, అదీ పైవాళ్లు సంతకం పెడితేనే. చేతిలో 2 మాత్రమే మిగుల్చుకుని, తేదీ ఖాయం కాని ఇంటికి 94 రుణం తీసుకోవడం మీ ఇంటి పరిస్థితికి బరువనిపిస్తోంది. మీవారి జీతం భద్రంగా ఉండి, బిల్డరు కట్టిన పాత భవనం బాగుంటే నా మాట మారుతుంది.

పదిహేను రోజులు చాలు, ఇద్దరూ పని పంచుకుంటే. మొదటి మూడు రోజుల్లో పాత ఫ్లాటు యజమానికి "తనిఖీ చేయించుకుని చెబుతాం" అని రాతపూర్వకంగా తెలిపి, రేకు అంటించి, సంఘం కాగితాలు అడగండి. అదే వారం ఇద్దరూ బిల్డరు కట్టిన ఐదేళ్ల భవనం చూసి రావాలి. ఆయన కొత్తదాన్ని పరీక్షించడం, మీరు పాతదాన్ని పరీక్షించడం కాదు, తారుమారు చేయండి. పాత ఫ్లాటుకు ఇంజనీరు వచ్చిన రోజు మీవారే ఆయన వెంట ఉండాలి. కొత్త ఒప్పందం మీరు చదవాలి. ఎవరికి ఏది ఇష్టమో అందులోని లోపాలు వాళ్ల కంటికి తేలిగ్గా కనబడవు. పదో రోజుకు మరమ్మతుల అంచనా ఇద్దరు వేర్వేరు మేస్త్రీల నుంచి చేతికి రావాలి. తక్కువ చెప్పినాయన ఏం వదిలేశాడో ఎక్కువ చెప్పినాయన జాబితాతో పోల్చి చూడండి, సాధారణంగా వదిలేది నీళ్లు నిలిపే పరీక్షే.